చెయ్యెత్తితే ఆగే కారు

హైదరాబాదులో రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది. డ్రైవరు మంచివాడైతే బస్సూ ఆగుతుంది. కారు మాత్రం ఆగదు. మా ఊళ్ళో అద్దె కారంటే ట్రావెల్స్ వాళ్ళకు ముందురోజే ఫోన్ చేసి చెప్పుకునే వ్యవహారం. పెళ్ళికో తిరుపతికో తప్ప మధ్యతరగతి ఇంటి ముందు ఆగేది కాదు. ఆటోలకు మీటరుండేది గానీ అది తిరగడం చూసినవాళ్ళు తక్కువ. అందుకే వేలితో నొక్కితే గుమ్మంలోకి కారొచ్చే రోజులు వచ్చినప్పుడు మేం పెద్దగా ఆలోచించలేదు. పోగొట్టుకోవడానికి మాకు పాత టాక్సీ అంటూ ఒకటి ఉంటేగా!

ముంబైకి ఉంది. ఒళ్ళంతా నలుపు, పైకప్పు పసుపు. అక్కడ దాన్ని కాలీ-పీలీ అంటారు. మొన్నటి శీతాకాలంలో పని మీద కొన్నాళ్ళు ఆ ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. వెళ్ళిన పని సంగతెలా ఉన్నా, బయటికి వెళ్ళిన ప్రతిసారీ ఒకచోట చెయ్యెత్తీ, ఇంకోచోట ఫోన్ తీసీ, ఏది ఎక్కడ నెగ్గుతుందో చూడడం నాకో వ్యసనమైంది.

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున సీఎస్‌ఎంటీలో దింపింది. ప్లాట్‌ఫాం మీదే ఒకతను నా సూట్‌కేసు అందుకోబోయాడు. "టాక్సీ, టాక్సీ! వర్లీనా? ఆరువందలు." ఏ ఊరి స్టేషన్లోనైనా మనల్ని మొదట పలకరించేవాడు బండివాడు కాదు, బండికీ మనకీ మధ్యన బతికేవాడు. అతన్ని తప్పించుకుని బయటికొచ్చి, అలవాటు కొద్దీ యాప్ తెరిచాను. దగ్గర్లో ఉన్న కారు తొమ్మిది నిమిషాల్లో వస్తుందంది. తలెత్తి చూస్తే ఎదురుగా, పట్టుమని పది అడుగుల దూరంలో, వరసగా నల్లకార్లు. రోడ్డు మీదికి నడిచి, వస్తున్న ఒకదానికి చెయ్యెత్తాను. ఆగింది.

అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా. బండి సొంతమైతే తెలుపు, ఇంకొకరి బండి నడిపేవాళ్ళకు ఖాకీ అని తర్వాత మా బావ చెప్పాడు. వర్లీ నాకా అన్నాను. కూర్చోమన్నాడు. ఎంత అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మీటరు మీద చెయ్యి పడగానే ఎర్రటి అంకెల్లో 31 వెలిగింది. మొదటి ఒకటిన్నర కిలోమీటరుకు అంతే, ఆపైన కిలోమీటరుకు ఇరవై రూపాయల చిల్లర. "రాత్రి పన్నెండు నుంచి ఐదింటి దాకా పావు వంతు ఎక్కువ పడుతుంది. ఇప్పుడు ఐదు దాటింది, మీకు కలిసొచ్చింది" అని ఆయనే నవ్వాడు. మెరీన్ డ్రైవ్ దగ్గర, "కోస్టల్ రోడ్డా, పాత దారా?" అని అడిగాడు. ఎటు పోనివ్వాలని నన్ను ఒక డ్రైవరు అడిగి చాలా ఏళ్ళయింది. యాప్ కారులో దారి ముందే గీసి ఉంటుంది, ఆ నీలం గీత మీద మనం కూర్చుంటాం, అంతే. సముద్రం చూద్దామని కోస్టల్ రోడ్డన్నాను.

ఆయనది ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ దగ్గర ఒక పల్లె. ఈ ఊళ్ళో టాక్సీ తోలేవాళ్ళలో ఆ ప్రాంతంవాళ్ళు చాలామందే. కుర్రతనం నుంచీ తోలింది ప్రీమియర్ పద్మిని. ఆ బండి గురించి ముంబై పత్రికలు ఎంత కన్నీరు కార్చాయో గుర్తుంది. కుర్లాలో తయారైన కారు అది, ఫియట్ 1100కి మన దేశపు రూపం. టాక్సీగా ఆఖరి పద్మిని 2003 అక్టోబర్ 29న తార్‌దేవ్ ఆర్టీవోలో రిజిస్టరైంది. ముంబైలో టాక్సీకి ఇరవై ఏళ్ళే ఆయుష్షు గనక 2023 అక్టోబర్ 30 నుంచి వీధిలో ఒక్క పద్మిని టాక్సీ కూడా లేదు. ఆ రోజు ఎంతోమంది ఫొటోలు తీసుకున్నారట కదా అన్నాను.

"తీసుకున్నారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తీసుకున్నారు" అన్నాడాయన. "స్టీరింగు తిప్పి తిప్పి నా భుజం అరిగిపోయింది. గేరు కర్ర స్టీరింగు పక్కన. ఏసీ లేదు. వానాకాలంలో కింద నుంచి నీళ్ళు. నాతో తోలినవాళ్ళు ఎవరూ ఏడవలేదు బాబూ."

ఇప్పుడాయన చేతిలో ఉన్నది సీఎన్జీ మీద నడిచే చిన్న మారుతి. ముందు సీటు వెనకాల క్యూఆర్ కోడ్ కాయితం, ప్లాస్టిక్ తొడుగేసి అతికించి ఉంది. 240 రూపాయల దగ్గర మీటరు ఆగితే ఫోన్‌తోనే కట్టాను. పాత టాక్సీ అనగానే చిల్లర గొడవ గుర్తుకొచ్చేవాళ్ళకి ఇది చెప్పాలి. యాప్‌లు తెచ్చిన సుఖాల్లో సగం ఇప్పుడు ఎవరి సొత్తూ కావు.

మా అక్కావాళ్ళు వర్లీలో ఉంటారు. ముంబైలో తెలుగువాళ్ళ చరిత్ర ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది. మిల్లుల్లో నేతపనికీ, కట్టుబడి కూలికీ తెలంగాణ నుంచి తరాలుగా వచ్చినవాళ్ళు. కామాఠీపురాకు ఆ పేరు మన కామాఠీ కూలీల వల్లే. 1920లలో కట్టిన బీడీడీ చాల్స్‌లో బావ తాతగారి గది ఉండేది. ఇప్పుడు ఆ చాల్స్ కూల్చి టవర్లు కడుతున్నారు. టాక్సీ మాటెత్తేసరికి ఆ ఇంట్లో అక్క ఒక పార్టీ, బావ ఒక పార్టీ.

"చెయ్యెత్తితే ఆగేదాన్ని వదిలేసి, ఎక్కడో ఉన్నదాన్ని పిలిచి, అదెక్కడుందో చూస్తూ నిలబడ్డం ఏమిట్రా?" అని బావ వాదన. పుట్టి పెరిగింది ఇక్కడే. గల్లీ గల్లీ తెలుసు, మీటరు ఎంతవుతుందో దిగకముందే చెబుతాడు.

అక్క పెళ్ళై వచ్చింది. లోయర్ పరేల్‌లో ఆఫీసు, రాత్రి పది దాటాక ఇల్లు చేరే రోజులెక్కువ. "ఆయనకేం, మగాడు. నేనెక్కిన బండి నంబరు, డ్రైవరు పేరు, బండి ఎక్కడుందో మీ బావ ఫోన్‌లో కనిపిస్తూ ఉండాలి. చెయ్యెత్తి ఎక్కితే అది కనిపిస్తుందా?" అంది. 2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ కారు డ్రైవరు చేసిన అత్యాచారం సంగతి నేనెత్తాను. ఆ దెబ్బకు ఢిల్లీ ప్రభుత్వం అప్పట్లో యాప్ టాక్సీలను నిషేధించింది. ప్రయాణం వివరాలు ఇంట్లోవాళ్ళకు పంపడం, ఆపదలో నొక్కే బటన్ లాంటివాటి మీద పట్టింపు పెరిగింది ఆ తర్వాతే. "అందులోనూ జరగదని నేననడం లేదు. జరిగితే ఎవర్ని పట్టుకోవాలో తెలుస్తుంది" అంది అక్క. బావ ఇక మాట్లాడలేదు. ఈ విషయంలో అక్కదే గెలుపని నా తీర్పు. రాత్రిపూట ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు భుజాలరిగిన పెద్దమనిషి మంచితనం మీద ఆధారపడమని ఎవరూ చెప్పకూడదు.

పగలు, దక్షిణ ముంబైలో, లెక్క మారిపోతుంది.

కాలాఘోడా దగ్గర మ్యూజియం చూసుకుని క్రాఫర్డ్ మార్కెట్‌కు వెళ్ళాలి. రెండు కిలోమీటర్ల పైన కాస్త. యాప్‌లో బుక్ చేశాను. కారొకటి ఒప్పుకుంది, బొమ్మలో కాసేపు కదిలింది, ఆగింది. ఫోన్ మోగింది. "డ్రాప్ కహాఁ హై?" అని అడిగాడు. చెప్పాను. ఆన్‌లైనా, క్యాషా అన్నాడు. ఆన్‌లైనన్నాను. వస్తున్నానని పెట్టేశాడు. కారు మాత్రం ఆగినచోటు నుంచి కదల్లేదు. తను రద్దు చేస్తే తనకు దెబ్బ గనక విసిగి నేనే రద్దు చేస్తానని ఎదురుచూస్తున్నాడు. ఈ ఆట దేశంలో అందరికీ తెలుసు. హైదరాబాదులో రోజూ ఆడేదే. కాకపోతే ఇక్కడ నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ సేపట్లో నా పక్కనుంచి ఖాళీ కాలీ-పీలీలు వరసగా వెళ్ళిపోతున్నాయి. రద్దు నొక్కి చెయ్యెత్తాను. యాభై రూపాయల లోపు బేరమైనా ఆ డ్రైవరు మొహం చిట్లించలేదు.

అతనికేం నష్టం లేదు మరి. నన్ను ఎక్కించుకోవడానికి ఒక్క మీటరు కూడా ఖాళీగా రాలేదు. వెళ్తున్న దారిలోనే నేను దొరికాను. నేను దిగుతూ ఉండగానే క్రాఫర్డ్ మార్కెట్ ముందు ఇంకొకరు సంచులతో నిలబడి ఉన్నారు. యాప్ కారువాడి లెక్క వేరు. రెండు కిలోమీటర్ల బేరం కోసం కిలోమీటరున్నర ఖాళీగా, ఆ ఫోర్ట్ ట్రాఫిక్‌లో, రావాలి. ఆ ఖాళీ పరుగుకు గ్యాసు అతనిది, కాలం అతనిది. 2025లో కేంద్రం ఈ యాప్ సంస్థలకు ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో కనీస ఛార్జీ మూడు కిలోమీటర్లకు ఉండాలని రాశారు. దేనికయ్యా అంటే, ఎక్కించుకోవడానికి వచ్చిన ఖాళీ పరుగుకు పరిహారంగా. గిరాకీ ఎక్కువున్నప్పుడు మూల ఛార్జీకి రెండింతల దాకా తీసుకోవచ్చని, సరైన కారణం లేకుండా బేరం రద్దు చేస్తే ఛార్జీలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా జరిమానా అని కూడా ఉంది. 2020 నాటి మార్గదర్శకాల్లో ఆ పెంపు ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగేది.

ముంబై టాక్సీ బతికుండడానికి డ్రైవర్ల నిజాయితీ కారణమని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. కొంత నిజమే అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఊరి ఆకారమే అసలు కారణమనిపించింది. దక్షిణ ముంబై సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నటి నాలుక. ఆఫీసులు, బజార్లు, స్టేషన్లు, ఆస్పత్రులు అన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. పైగా ఆటోలకు అక్కడ ప్రవేశం లేదు. పడమటి వైపు బాంద్రాలో, తూర్పు వైపు సయన్‌లో అవి ఆగిపోవాల్సిందే. మనకైతే ఆటో తన్నుకుపోయే చిన్న చిన్న బేరాలన్నీ ఆ నల్లకారుకే దక్కుతాయి. పొద్దున పూట చర్చ్‌గేట్ బయట షేర్ టాక్సీల కోసం ఉద్యోగులు క్యూ కట్టి నిలబడతారు. తోపులాట లేదు, అరుపులు లేవు, ముగ్గురో నలుగురో ఎక్కగానే బండి కదిలిపోతుంది. ఒక్కో బండిలో అపరిచితులను కలిపి కూర్చోబెట్టే ఈ ఏర్పాటును ఆ తర్వాతెప్పుడో యాప్‌లు పూల్ అని కొత్తగా కనిపెట్టాయి!

మరి అదే ఊళ్ళో ఉత్తరానికి వెళ్తే? పవయీలో ఒక సాయంత్రం రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడి చూశాను. ఆటోలు నిండుగా పోతున్నాయి, కాలీ-పీలీ జాడే లేదు. పెద్ద గేట్ల వెనక టవర్లు, వాటి మధ్య పొడవాటి రోడ్లు, నడిచే మనుషులు తక్కువ. అలాంటిచోట గిరాకీ వెతుక్కుంటూ బండి తిరిగితే గ్యాసు దండగ. అక్కడ ఫోన్‌కు తిరుగులేదు. ఎంత చూపిస్తే అంత అనుకుని ఎక్కి కూర్చున్నాను. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా పరుచుకున్న మా హైదరాబాదు అంతా ఒక పెద్ద పవయీయే. చెయ్యెత్తితే ఆగే కారు మాకెందుకు పుట్టలేదో ఆ రోడ్డు మీద నిలబడితే తెలిసింది.

పాత టాక్సీలన్నీ ముంబై టాక్సీలా ఉంటాయనుకుంటే పొరపాటు. అంతకు కొన్నేళ్ళ ముందు కోల్‌కతా వెళ్ళినప్పుడు హౌరా స్టేషన్ బయట పోలీసుల ప్రీపెయిడ్ కౌంటరు దగ్గర చీటీ రాయించుకుని పసుపు అంబాసిడరెక్కాను. అంతవరకు బాగానే ఉంది. మర్నాటి నుంచి వీధిలో ఏ టాక్సీ ఆపినా, కిటికీలోంచి నా మాట వినడం, "జాబో నా" అనేసి కదిలిపోవడం. రానంటే రాననే. వస్తానన్నవాడు చెప్పింది మీటరు రేటు కాదు, తన రేటు. మూడోవాడో నాలుగోవాడో కాస్త నిలబడి కారణం చెప్పాడు. అక్కడ మొదటి రెండు కిలోమీటర్లకు 30 రూపాయలని 2018లో పెంచిన ఛార్జీ దగ్గరే ప్రభుత్వం ఏళ్ళ తరబడి ఆగిపోయింది. డీజిల్ ఆగలేదు. అందుకని మీటరుండీ లేనట్టే అయింది. ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది, ఉన్న బండ్లకు పదిహేనేళ్ళ గడువు, కొత్తవి రావు. ఊరంతా ఆ పసుపు బండిని పోస్టర్ల మీద, కప్పుల మీద వేసుకుని అమ్ముకుంటోంది గానీ అది ఎందుకు రానంటుందో మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ముంబైలో మీటరు రేటు 2022 అక్టోబరులో 25 నుంచి 28కి, 2025 ఫిబ్రవరిలో 28 నుంచి 31కి పెరిగింది. పెరిగినప్పుడల్లా ప్రయాణికులు గొణుక్కున్నారు. ఆ మూడు రూపాయలు పెంచబట్టే డ్రైవరు మీటరు వేస్తున్నాడు. మీటరంటే నమ్మకం అదంతట అదే నిలబడదు, దాన్ని సర్కారు వేళకు తిప్పుతూ ఉండాలి. మా హైదరాబాదు ఆటోమీటర్లు ఎందుకు చచ్చిపోయాయో తెలుసుకోవాలంటే ఇంతకంటే లోతుకు వెళ్ళక్కర్లేదు.

యాప్‌లు వచ్చినప్పుడు మీటరు పాతచింతకాయ పచ్చడి అన్నారు. ఓలా 2010లో పుట్టింది ఈ ముంబైలోనే, తర్వాత బెంగళూరుకు మారింది. ఊబర్ 2013లో మన దేశానికి వచ్చింది. ఆ తొలి రెండు మూడేళ్ళు డ్రైవర్లకు బోనసులు, మనకు కూపన్లు. ఆటో కంటే చౌకగా ఏసీ కారు! ఊళ్ళల్లో భూములమ్మీ, అప్పులు చేసీ కార్లు కొన్నవాళ్ళు మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నారు, జౌన్‌పూర్‌లోనూ ఉన్నారు. తర్వాత బోనసులు ఎండిపోయాయి, కిస్తీలు ఎండిపోలేదు. 2024 ఏప్రిల్‌లో ఎండలు మండుతుంటే హైదరాబాదు యాప్ డ్రైవర్లు ఈ రేటుకు ఏసీ వేసేది లేదని భీష్మించారు. నేనూ ఆ రోజుల్లో చెమటలు కక్కుతూ వాళ్ళను తిట్టుకున్నవాణ్ణే.

ముంబైలో సంగతి ఇంకా ముదిరింది. 2025 జులైలో యాప్ డ్రైవర్లు బండ్లాపేసి ఆజాద్ మైదానంలో బైఠాయించారు. వాళ్ళ ప్రధానమైన కోరిక వింటే నవ్వొస్తుంది, ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. మాకూ కాలీ-పీలీ మీటరు రేటే ఇప్పించండి అన్నారు. కిలోమీటరుకు తమ చేతికొచ్చేది పది రూపాయల చుట్టుపక్కలేనని వాళ్ళ మాట. పాత టాక్సీని పాడె ఎక్కిస్తాయనుకున్న యాప్‌ల డ్రైవర్లే ఆ పాత టాక్సీ రేటు కోసం రోడ్డెక్కారు. సెప్టెంబరులో రాష్ట్ర రవాణా శాఖ యాప్ కార్లకు కిలోమీటరుకు 22.72 రూపాయలని మూల ఛార్జీ ఖాయం చేసింది.

ఖాయం చేసిన రేటు చేతికి అందిందా లేదా అన్నది తిరుగు ప్రయాణంలో తెలిసింది. తిరుగు ప్రయాణం విమానంలో. దాదర్ నుంచి టీ2 టెర్మినల్‌కు యాప్‌లోనే కారు పిలిచాను. పెట్టెలున్నాయి, డిక్కీ కావాలి. కాలీ-పీలీలో గ్యాసు సిలిండరే డిక్కీని మింగేస్తుంది. పైన క్యారియర్ మీద వేస్తామంటారు గానీ పెట్టెలు అక్కడుంటే నాకు ప్రాణం కుదుటపడదు.

వచ్చినతనికి ముప్ఫై ఏళ్ళుంటాయి. డ్యాష్‌బోర్డు మీద రెండు ఫోన్లు, రెండింట్లో రెండు యాప్‌లు. మాహిమ్ దాటాక సిగ్నల్ దగ్గర బండాపి ఒక కాయితం వెనక్కి ఇచ్చాడు. కిలోమీటర్లు ఎడమవైపు, మీటరు ఛార్జీ కుడివైపు అచ్చేసిన పట్టిక. అంచులు నలిగిపోయి ఉన్నాయి. "సాబ్, మీకు యాప్‌లో చూపించిందీ నాకు వచ్చేదీ ఒకటి కాదు. ఇదీ సర్కారు రేటు. దీని ప్రకారం ఇస్తారా? ఇవ్వకపోయినా దింపేస్తాను, గొడవేం లేదు" అన్నాడు.

ముందే చెప్పాలిగా అని నేనూ కాసేపు వాదించాను. ముందే చెబితే మీరు రద్దు చేసేవాళ్ళు కదా అన్నాడు. కాదనలేకపోయాను. అతను తన ఫోన్ నా వైపు తిప్పాడు. నా తెరమీదున్న అంకెకీ అతని తెరమీదున్న అంకెకీ మధ్య తేడా చూసి, పట్టిక ప్రకారం లెక్కేస్తే నేనింకెంత కలపాలో చూశాను. ఒక మంచి హోటల్లో రెండు కాఫీల ఖరీదు. ఇస్తానన్నాను.

ఇస్తాననగానే మనిషి తేలికపడి కబుర్లలో పడ్డాడు. అయితే కాలీ-పీలీ పర్మిటే తీసుకోవచ్చుగా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాన్న ఆ బండే తోలేవాడట. రోజంతా వీధులు చూస్తూ తిరగడం తన వల్ల కాదన్నాడు. పొద్దున్నే నవీ ముంబైలో ఇల్లు వదిలేటప్పుడు ఇటు వైపు ఒక బేరం, సాయంత్రం ఇంటివైపు ఒక బేరం ఫోన్ చూపిస్తే చాలు. అలా చూపించేది ఫోన్ ఒక్కటే. "బేరం చూపించేది ఫోన్ కావాలి, లెక్క కట్టేది మీటరు కావాలి సాబ్. రెండూ ఒకే బండిలో ఎందుకుండకూడదు?" ఎందుకుండకూడదో నాకూ తోచలేదు. టెర్మినల్ దగ్గర బేరం కోసం యాప్ బండ్ల పార్కింగులో ఎంతసేపు పడిగాపులు కాయాలో, కాయకుండా ఖాళీగా వెళ్తే ఎంత గ్యాసు పోతుందో నోటి లెక్కగా చెప్పుకుపోయాడు. ఆ లెక్క జౌన్‌పూర్ పెద్దాయన లెక్క కంటే, "జాబో నా" అన్న కోల్‌కతా డ్రైవరు లెక్క కంటే వేరేదేమీ కాదు.

డిపార్చర్స్ ముందు పెట్టెలు దింపాడు. కలిపి ఇచ్చిన డబ్బు ఫోన్‌లో పడిందో లేదో చూసుకున్నాడు. ఐదు చుక్కలు ఇవ్వడం మర్చిపోవద్దని చెప్పాడు. ఇంతలో రెండో ఫోన్‌లో బేరం తగిలింది. ఒప్పుకుంటూ నొక్కి, అవతలివాళ్ళకు ఫోన్ కలిపి, వాళ్ళు హలో అనేలోపే "డ్రాప్ కహాఁ హై?" అంటూ డిక్కీ మూసేశాడు.